ఈలకు సంజాయిషీ

మా ఇంట్లో ఉండేది ముగ్గురం. నాన్న పళ్ళు తయారుచేస్తాడు. అమ్మ గొంతు అమ్ముకుంటుంది. నేను కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు బిగిస్తాను. ముగ్గురినీ కలిపితే ఒక మొహం తయారవుతుంది గానీ, ఆ మొహానికి చెవులుండవు. మా ఇంట్లో ఎవరి మాటా ఎవరూ వినరు.

పళ్ళ డాక్టర్లు రోగుల నోటి అచ్చులు తీసి పంపితే, వాటిని బట్టి కట్టుడు పళ్ళూ, పంటి తొడుగులూ చేసిపెట్టడం నాన్న పని. ఇంటి వెనక గదే ఆయన వర్క్‌షాపు. ముప్ఫై ఏళ్ళుగా అదే పని చేసి చేసి మనుషుల్ని చూసే తీరే మారిపోయింది ఆయనకి. ఎవరైనా ఎదురుపడితే కళ్ళలోకి చూడడు, తిన్నగా నోట్లోకి చూస్తాడు. పేర్లు గుర్తుండవు. "మొన్న వచ్చాడే, కింద వరసలో ఒకటి వంకరగా ఉంటుంది, ఆయన" అంటాడు. ఒకసారి చావు పరామర్శకు వెళ్ళి, భోరున ఏడుస్తున్న కొడుకు నోటిని పరీక్షగా చూసి, "ఆ జ్ఞానదంతం తీయించేసుకో బాబూ, ఆలస్యం చెయ్యకు" అని ఓదార్చి వచ్చిన ఘనుడు మా నాన్న.

అమ్మ బస్‌స్టాండులో మైకు మీద ప్రకటనలు చేస్తుంది. "ప్రయాణికులకు గమనిక" అని ఆ గొంతు వినపడితే సీటు కోసం జుట్లు పట్టుకుంటున్నవాళ్ళు కూడా ఒక్క క్షణం ఆగుతారు. తేనె పూసిన గొంతు అంటారు జనం. ఆ తేనంతా మైకు దగ్గరే అయిపోతుంది, ఇంటికి వచ్చేసరికి మాకు ఖాళీ సీసా మిగులుతుంది. అయినా ఆవిడ తప్పేం లేదు. ఎనిమిది గంటలు హారన్ల మధ్యా అరుపుల మధ్యా కూర్చుని వచ్చే మనిషికి ఇంట్లో కావలసింది కాస్త నిశ్శబ్దం. నాన్న దగ్గర అన్నీ ఉన్నాయి, అదొక్కటే లేదు.

నాన్న ఈల వేస్తాడు.

పై వరసలో ముందరి రెండు పళ్ళ మధ్య ఆయనకి అగ్గిపుల్ల దూరేంత సందుంది. దాని వెనక నాలుక ఆనించి ఊదితే పెదాలు కదలకుండానే పాట వస్తుంది. పళ్ళు తోముకునేటప్పుడు, అన్నం తినేటప్పుడు తప్ప మిగతా అన్ని వేళలా వస్తుంది. అది ఏ సినిమాలోదీ కాదు, ఎక్కడా విన్నదీ కాదు, ఆయన సొంతం. ఉన్నది ఒకటే పాట. ఎక్కుతుంది, ఇంకా ఎక్కుతుంది, మలుపు తిరుగుతుంది, ఇక దిగాలి అనగా ఠక్కున ఆగిపోతుంది. మళ్ళీ మొదటికొస్తుంది. అమ్మకి ఈల మీద కంటే ఆ ఆగిపోవడం మీద ఎక్కువ మంట.

"మేడెక్కి తలుపు కొట్టకుండా వెనక్కొచ్చే మనిషిని ఏమంటారండీ? తిక్కలోడంటారు. ఆ పాటని దింపండి, లేదా ఎక్కకండి" అనేది.

"దానికి చివర లేదు" అనేవాడు నాన్న.

"వెతకండి!"

"దొరకలేదు."

ఇలా ఇరవై ఏడేళ్ళు.

ఈ సందుకి ఒక సాక్ష్యం కూడా మా ఇంట్లో ఉంది. ఈ పని నేర్చుకునేవాళ్ళు మొట్టమొదట తమ నోటికే అచ్చు తీసుకుని, ప్లాస్టరు పోసి, పళ్ళ బొమ్మ చేస్తారు. నాన్న కుర్రతనంలో చేసుకున్న ఆ బొమ్మ, సందుతో సహా, పెళ్ళయినప్పటి నుంచీ మా వంటింటి తలుపు గాలికి కొట్టుకోకుండా ఆపుతోంది. కొత్తగా వచ్చినవాళ్ళు కింద ఇకిలిస్తున్న పళ్ళని చూసి ఉలిక్కిపడితే, "మా ఆయనే" అని పరిచయం చేస్తుంది అమ్మ.

మొన్న పెళ్ళిరోజుకి నాన్న ఎన్నడూ లేనిది, "నీకేం కావాలి?" అని అడిగాడు. అమ్మ చపాతీ పిండి కలుపుతూ తల తిప్పకుండా, "ఆ ఈల మానండి. అదే పదివేలు" అంది. నాన్న నవ్వాడు. ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు కూడా.

ఆ తర్వాతి వారమే నాన్నకి సందు పక్క పన్ను విరిగింది.

సన్నటి తీగని పళ్ళతో కొరికి వంచడం ఈ పనివాళ్ళకుండే పాడు అలవాటు. "తీగ నోట్లో పెట్టావంటే చెంప పగిలిపోతుంది" అని తన దగ్గర పని నేర్చుకున్న ప్రతివాడికీ చిలక్కి చెప్పినట్టు చెప్పిన నాన్నే, ఓ గురువారం పటకారు కనపడక తీగ నోట్లో పెట్టాడు. టక్కుమంది. తీగ మాత్రం వంగలేదు.

ఆయనకి పని పంపే డాక్టరమ్మే విరిగిన ముక్కని అరగదీసి, "తొడుగు మీరే చేసుకోండి, మీకంటే బాగా ఎవరు చేస్తారు?" అంది. నాన్న మూడు రోజులు వర్క్‌షాపు తలుపేసుకుని తన పన్ను తానే చేసుకున్నాడు. నాలుగో రోజు డాక్టరమ్మ దగ్గర పెట్టించుకుని వచ్చి గుమ్మంలో నిలబడి నవ్వాడు. అద్భుతమైన పన్ను. రంగు కలిసింది, మెరుపు కలిసింది, పక్కదానికి కవల పిల్లలా ఉంది. సందు మాత్రం లేదు. ఎవరో పరాయివాడు మా నాన్న చొక్కా వేసుకుని ఇంట్లోకి వచ్చినట్టనిపించింది నాకు.

"ఆహా! ఇప్పుడు మిమ్మల్ని మళ్ళీ పెళ్ళిచూపులకి పంపొచ్చు" అంది అమ్మ.

సాయంత్రం వర్క్‌షాపులోంచి మామూలుగా పాట రావలసిన వేళకి "ఫుస్స్" అని వినపడింది. కాసేపాగి ఇంకో ఫుస్స్. సైకిల్ ట్యూబులోంచి గాలి పోతున్నట్టుంది.

"ఏదీ, ఇంకోసారి వెయ్యండి!" అని కేకేసింది అమ్మ, నమ్మకం కుదరక.

ఫుస్స్.

అమ్మ ఆ సాయంత్రం పండగ చేసుకుంది. కిటికీలన్నీ తెరిచి, కుర్చీలో వాలి కాళ్ళు చాపుకుని, "విన్నావుటే? ఏమీ వినపడటం లేదు!" అంది నాతో.

నోరు ఖాళీ అయ్యేసరికి నాన్న చేతులు ఊరుకోలేదు. మొదటి వారం, వెయ్యి ముక్కలు కలిపితే జలపాతం అయ్యే అట్టబొమ్మ ఒకటి తెచ్చి భోజనాల బల్ల నిండా పరిచాడు. మేం కంచాలు ఒళ్ళో పెట్టుకుని తినడం మొదలుపెట్టాం. రెండో వారం పార్కులో నడక. మూడు రోజుల్లో పార్కు జనం రెండు పార్టీలుగా చీలిపోయారు, నాన్నని చూడగానే నోరు తెరిచేవాళ్ళూ, నోరు మూసుకుని దారి మార్చేవాళ్ళూ. మూడో వారం ఒక ముళ్ళమొక్క తెచ్చి గంటకోసారి నీళ్ళుపోసి చంపేశాడు. నాలుగో వారం కట్టుడు పళ్ళకి మెరుగుపెట్టే చక్రం మీద ఇంట్లో స్పూన్లన్నీ పట్టాడు. ఇప్పుడు మా స్పూన్లలో చూసుకుని తల దువ్వుకోవచ్చు, తలకిందులుగా ఉన్నా పర్వాలేదనుకుంటే.

ఈలోగా అమ్మ పండగ ముగిసింది.

మాకు తెలియకుండానే ఇల్లంతా ఆ ఈల మీద నడిచేది. వర్క్‌షాపులోంచి హుషారుగా వస్తుంటే పని సవ్యంగా సాగుతోందని అర్థం. ఒకే ముక్క పదేపదే వస్తుంటే ఏదో పన్ను మొండికేసిందని. వీధి మలుపులో వినపడితే టీకి నీళ్ళు పెట్టాలని. అమ్మ తిట్టుకుంటూనే పెట్టేది. ఇప్పుడు పిల్లి మెడలో గంట విప్పేసినట్టయింది. నాన్న ఎప్పుడొస్తాడో, ఎక్కడున్నాడో తెలియదు. అమ్మ కూర కలుపుతూ వెనక్కి తిరిగితే కొత్త పన్నుతో నిశ్శబ్దంగా నిలబడి ఉంటాడు. వారంలో మూడుసార్లు గరిటె జారవిడిచింది.

"కనీసం దగ్గండి, మహానుభావా!"

"దగ్గు లేదే."

అయినా మాట కాదనలేక దగ్గడం మొదలుపెట్టాడు. గుమ్మం దాటితే రెండుసార్లు, గది మారితే ఒకసారి. రెండు రోజుల తర్వాత అమ్మ ఆ దగ్గు కూడా మానమంది.

అయిదో వారంలో ఒకరోజు అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, గొంతు తగ్గించి, "ఒసేయ్, నాన్నని ఒకసారి అడుగు" అంది.

"ఏమని?"

"అదే... ఆ సందు మళ్ళీ పెట్టుకోవడానికి వీలవుతుందా అని. ఊరికేనే, తెలుసుకుందామని."

"నువ్వే అడగొచ్చుగా?"

"నేనా? ఇరవై ఏడేళ్ళు తిట్టిన ఈ నోటితోనా? చస్తే అడగను."

వర్క్‌షాపులో నాన్న ఎవరివో పై పళ్ళు చేత్తో పట్టుకుని బ్రష్‌తో రుద్దుతున్నాడు. చుట్టూ అరల నిండా ఊళ్ళోవాళ్ళ నోళ్ళు, చీటీలు అంటించి వరసగా. నేను చిన్న పీట మీద కూర్చున్నాను.

"నాన్నా, సందు పొరపాటున మూసేశావా?"

ఆయన బ్రష్ ఆగింది. "ముప్ఫై ఏళ్ళ నుంచి చేస్తున్నా. అగ్గిపుల్ల మందం కొలవడం నాకు రాదా? పొరపాటేంటి?"

"మరెందుకు?"

"మీ అమ్మ అడిగిందిగా. పెళ్ళయ్యాక ఆవిడ నన్ను నోరు తెరిచి అడిగింది అదొక్కటే. మిగతావన్నీ తిట్టి తీసుకుంది." చేతిలో పళ్ళని వెలుతురుకేసి పెట్టి చూశాడు. "పన్ను విరిగినప్పుడు అనుకున్నా, ఇదే మంచి సమయం అని. నీతో అన్నానని ఆవిడకి చెప్పకు తల్లీ. పాపం, చూడు ఎంత ప్రశాంతంగా ఉందో."

సరిగ్గా అప్పుడే వంటింట్లో గిన్నె ఒకటి దబ్బున పడింది, దాని వెనకే మూత.

ఇక నా పని మింగలేక కక్కలేక అన్నట్టయింది. ఆయన ఆవిడ కోసం మానేశాడు, ఆవిడ మొహం చెల్లక అడగదు. ఇద్దరూ ఇలాగే మొహమాటానికి పోతే ఆ పాట ఇక ఈ ఇంట్లో వినపడదు. నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ తిక్క పాట వింటూనే నేను నడక నేర్చుకున్నాను, లెక్కలు తప్పాను, జ్వరాలు పడ్డాను.

"ఏమన్నారు?" అంది అమ్మ.

"ఏమీ అనలేదు."

"సరేలే. పోతే పోయింది, పీడా వదిలింది" అని అటు తిరిగి ముక్కు తుడుచుకుంది. పీడా వదిలితే ముక్కెందుకు తుడుచుకోవాలో నాకు అర్థం కాలేదు.

తర్వాతి మంగళవారం పొద్దున నేను షాపుకి వెళ్ళడానికి నాలుగో ప్లాట్‌ఫారం మీద బస్సు కోసం నిలబడి ఉన్నాను. తల మీద స్పీకర్లోంచి అమ్మ తేనె గొంతు వచ్చింది.

"ప్రయాణికులకు గమనిక. తొమ్మిదిన్నరకు బయలుదేరవలసిన బస్సు పదిహేను నిమిషాలు ఆలస్యంగా నడుస్తుంది. అసౌకర్యానికి చింతిస్తున్నాం."

మామూలుగా ఆ తర్వాత స్విచ్ కట్టేసిన టక్కు వినపడుతుంది. ఆ రోజు వినపడలేదు. కుర్చీ కిర్రుమంది. మంచినీళ్ళు గుటక వేసిన చప్పుడు. ఒక నిట్టూర్పు. "ఎప్పుడు టైముకి ఏడ్చింది గనక" అన్న మాట, తేనె లేకుండా. జనం తలలెత్తి స్పీకర్ల వైపు చూశారు.

అప్పుడు ఈల మొదలైంది.

అమ్మకి ఈల రాదు. మరుగుతున్న కెటిల్‌కి జలుబు చేసినట్టుంది. కానీ పాట అదే. ఎక్కింది, ఇంకా ఎక్కింది, మలుపు తిరిగింది. ఇక్కడ ఆగుతుంది అనుకున్నాను. అలవాటు కొద్దీ ఆగాను కూడా, ఊపిరి బిగబట్టి. అమ్మ ఆగలేదు. నాలుగు స్వరాలు మెల్లగా, ఒకదాని తర్వాత ఒకటి, దిగింది. ఇంటికి చేరి చెప్పులు విడిచినట్టుంది.

పద్నాలుగు ప్లాట్‌ఫారాలూ నిశ్శబ్దంగా ఉన్నాయి. మూట మోస్తున్న కూలీ ఒకతను మూట దించి నిలబడ్డాడు. "ఎవడ్రా అది?" అన్నాడు ఒక డ్రైవరు. ఎవరో చప్పట్లు కొట్టారు.

నేను మైకు గది వైపు పరిగెత్తి అద్దం మీద దబదబా బాదాను. అమ్మ కళ్ళు మూసుకుని మళ్ళీ మొదటికి వెళ్ళింది. ఇంకోసారి బాదితే కళ్ళు తెరిచింది. నేను మైకు పక్కన వెలుగుతున్న ఎర్ర దీపం వైపు వేలు చూపించాను. టక్కుమంది. తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయింది.

మధ్యాహ్నానికి మెమో వచ్చింది. ప్రయాణికుల ప్రకటనా యంత్రంలో ఈల వేసినందుకు తగు సంజాయిషీ రాతపూర్వకంగా ఇవ్వాలనీ, అది తృప్తికరంగా లేకపోతే పోయిన సామాన్ల గదికి బదిలీ చేయబడుననీ. సాయంత్రం దాన్ని భోజనాల బల్ల మీద, సగం కట్టిన జలపాతం పక్కన పెట్టుకుని, అమ్మ నాతో మంతనాలు సాగించింది.

"యంత్రంలో లోపం అని రాస్తే?"

"లోపానికి రాగం ఎలా వచ్చిందంటారు."

"ఎవరో ప్రయాణికుడు గదిలోకి చొరబడ్డాడని రాస్తే?"

"చొరబడి ఈల వేసి వెళ్ళిపోయాడా?"

"అలాంటి తిక్కలోళ్ళు ఉండరా ఏంటి? మనింట్లో లేడూ?"

"ఏం పాట?" అన్న గొంతు వినపడి ఇద్దరం ఎగిరిపడ్డాం. నాన్న. ఎప్పుడొచ్చాడో, అమ్మ భుజం మీదుగా మెమో చదువుతున్నాడు.

అమ్మ నా వైపు గుడ్లురిమింది. కానీ వారం నుంచి నా కడుపు ఉబ్బి ఉంది. "నీదే నాన్నా" అనేశాను. "మొత్తం వేసింది. చివరిదాకా."

"దానికి చివర లేదు."

"ఉంది. నేను విన్నాను. బస్‌స్టాండు బస్‌స్టాండంతా విన్నది."

నాన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అమ్మ వైపు చూశాడు. నోట్లోకి కాదు, కళ్ళలోకి. ఆయన అలా చూడగా నేను అంతకుముందు చూడలేదు.

"ఏదీ, ఒకసారి వెయ్యి" అన్నాడు.

"వెయ్యను. ముందు మీ సగం మీరు వెయ్యండి."

"నాకు సందు లేదుగా."

"ఎందుకు లేదు? ఎవరు మూసుకోమన్నారు?"

"నువ్వే."

"నేను సవాలక్ష అంటాను! అన్నీ విన్నారా?" అమ్మ లేచి నిలబడింది. "తడి తువ్వాలు మంచం మీద వెయ్యొద్దన్నాను, విన్నారా? పళ్ళు ఫ్రిజ్‌లో పెట్టొద్దన్నాను, విన్నారా? ఇరవై ఏడేళ్ళలో నా మాట ఒక్కటంటే ఒక్కటి విన్నారు, అదీ వినకూడనిదే చూసి మరీ విన్నారు!"

విసవిసా వంటింట్లోకి వెళ్ళింది. వంగి తలుపు కిందనుంచి ప్లాస్టరు పళ్ళు లాగింది. తలుపు వెనక ఢామ్మని మూసుకుంది. వాటిని తెచ్చి జలపాతం మధ్యలో పెట్టింది.

"ఇదిగో సందు. కొలుచుకోండి. ఇన్నాళ్ళూ దీన్ని తలుపుకి రాయి దొరక్క ఉంచాననుకున్నారా?"

నాన్న తన కుర్రతనపు పళ్ళని చేతిలోకి తీసుకుని కాసేపు చూశాడు. తర్వాత బొటనవేలూ చూపుడువేలూ నోట్లో పెట్టి ముందరి పన్నుని పట్టుకుని అటూ ఇటూ ఆడించాడు. తొడుగు చేతిలోకి వచ్చేసింది.

"అయ్యో, ఊడిందా?" అంది అమ్మ.

"ఊడలేదు. తాత్కాలికంగా పెట్టే జిగురు ఇది."

"ఆరు వారాల నుంచీనా?"

"శాశ్వతంగా అంటిస్తానని డాక్టరమ్మ మూడుసార్లు అంది. నేనే ఇప్పుడే వద్దన్నా." పన్ను లేని నోట్లోంచి మాటలు గాలిగాలిగా వస్తున్నాయి. "నువ్వు మనసు మార్చుకుంటావేమోనని."

అమ్మ కొంగుతో బల్ల మీద లేని దుమ్ము తుడిచింది. నేను జలపాతంలో ఒక ముక్క వెతుకుతున్నట్టు నటించాను.

"ముందు అది పెట్టుకుని మాట్లాడండి" అంది చివరికి. "సగం అక్షరాలు నా మొహాన పడుతున్నాయి."

నాన్న తొడుగూ, ప్లాస్టరు పళ్ళూ పట్టుకుని లేచి వెళ్ళాడు. వర్క్‌షాపులో చక్రం తిరిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది. అమ్మ తెల్లకాగితం ముందేసుకుని పెన్ను పట్టుకుని కూర్చుంది గానీ ఒక్క ముక్క రాయలేదు. చక్రం ఆగిపోయింది. ముందు ఫుస్సుమంది. అమ్మ పెన్ను బిగించి పట్టుకుంది. మళ్ళీ చక్రం, ఈసారి ఒక్క క్షణమే.

అప్పుడు వచ్చింది. ఎక్కింది, ఇంకా ఎక్కింది, మలుపు తిరిగింది, ఠక్కున ఆగింది. ఆగి, మొదటికి వెళ్ళలేదు. గుమ్మంలో నిలబడి ఎదురుచూసింది.

అమ్మ కాగితం మీంచి తల ఎత్తకుండానే నాలుగు స్వరాలూ వేసింది, జలుబు చేసిన కెటిల్ గొంతుతో.

"తప్పు" అన్నాడు నాన్న, వర్క్‌షాపులోంచి వస్తూ. "చివరిది ఇంకా కిందకి రావాలి."

"ఇరవై ఏడేళ్ళు ఏం చేశారు మరి? మైకులో చెప్పేశాం. ఇక మార్చడం కుదరదు."

"నా పాటకి..."

"మీ పాట మేడ మీద ఆగింది. కిందికి దింపింది నేను."

వాళ్ళు ఆ నాలుగో స్వరం గురించి పోట్లాడుకుంటుంటే నేను వెళ్ళి వంటింటి తలుపుకి ఇటుక ఒకటి అడ్డం పెట్టి వచ్చాను. పళ్ళు మళ్ళీ అక్కడికి పోవని ఎందుకో తెలిసిపోయింది.

మర్నాడు బస్‌స్టాండులో ఇవ్వడానికి అమ్మ రాసిన సంజాయిషీని దారిలో చదివాను. మొత్తం ఒకటే వాక్యం: "ఈల వేసింది నేనే, మొదలుపెట్టింది మాత్రం మా ఆయన."